కల్లంలో పత్తి జోడు

నరాకృతిని సింహాకృతిని ఒక్క మేనిలో కలిపి పసివాణ్ణి కాచిన సింగరాయకొండ నృసింహునికి మ్రొక్కి ఈ కథ చెబుతున్నాను.

ప్రత్తిపాడు చేరువలోని ఒక పల్లె ఆరోగ్య కేంద్రంలో అల్లాబక్షు ఇరవై రెండేళ్లుగా పుండ్లకు కట్లు కడుతున్నాడు. డాక్టరు చీటీ రాయటం, షఫీక్ మందులివ్వటం, నర్సు కరీమున్ సూది వేయటం, అల్లాబక్షు కట్టు కట్టటం. ఎవరి గది వారిది. రెండువేల ఆరులో కొత్తగా వచ్చిన డాక్టరు మాధురిగారు ఫాల్గుణమాసంలో ఆ పద్ధతి మార్చారు. రోజూ రోగులను చూడకముందు నలుగురూ ఒకచోట కూర్చుని, మొండి జబ్బుల సంగతి కలిసి ఆలోచించాలన్నారు.

తొలినాడు అల్లాబక్షు గుమ్మం పక్కనే ఆగిపోయాడు.

"కూర్చోండి బాబాయ్," అన్నారు మాధురి.

"నిలబడటం అలవాటేనమ్మా."

"పారిపోవటానికి వీలుగా ఉంటుందని మేడమ్!" అంటూ కరీమున్ ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టేసింది.

మొదటి మాట సుబ్బరావమ్మ గురించే వచ్చింది. మిరప కల్లంలో కూలిచేసే ఆ పెద్దావిడకు షుగరు; రెండు నెలలుగా కుడిపాదంలో పుండు. నెలలోగా తగ్గుముఖం పట్టకపోతే వేలు తీసేయాలని గుంటూరు డాక్టరు చెప్పాడు. వేలు పోతే పని పోయినట్టేనని ఆమె ఏడవని పూట లేదు.

"మాత్రలు తప్పకుండా వాడుతోందండీ," అన్నాడు షఫీక్.

"షుగరూ దిగింది. మరి పుండెందుకు మానదు?" అన్నారు మాధురి, అల్లాబక్షు వంక చూసి.

అల్లాబక్షు కుర్చీ అంచుకు జరిగాడు. ఇన్నేళ్లలో తననెవరూ ఏమీ అడగలేదు.

"కట్టు విప్పినప్పుడల్లా మిరపగింజలుంటాయమ్మా. చుట్టూ నేలవేడికి లేచిన బొబ్బలు. షుగరుకు పాదం మొద్దుబారి, కాలిన సంగతి ఆమెకు తెలియను కూడా తెలియదు."

"చెప్పులు వేసుకోమన్నాను కదా!"

"కల్లంలో చెప్పులా మేడమ్?" అంది కరీమున్. "ఆ కాయలు లక్ష్మి. ఆసామి ఊరుకున్నా ఆమె ఒప్పుకోదు."

"ఇన్నాళ్లూ నాతో చెప్పలేదేం బాబాయ్?"

"రాసేది మీరు, కట్టేది నేను. చెప్పటం నా పని కాదనుకున్నాను తల్లీ."

తరువాతి రెండు రోజుల్లో అల్లాబక్షు మందపాటి నేతగుడ్డలో దూది పరిచి, బొంత కుట్టినట్టు ఒక జోడు కుట్టాడు. నలుగురూ కలిసి కల్లానికి వెళ్లారు.

"కల్లంలో కాళ్లకు తొడుగా? లక్ష్మి అలగదూ?" అంది సుబ్బరావమ్మ.

"తోలు లేదక్కా, రబ్బరు లేదు. అంతా పత్తే. పత్తి మాత్రం లక్ష్మి కాదా?"

"ఏరా బక్షూ, మా లక్ష్మి సంగతి నాకే నేర్పుతున్నావా?" అని గద్దించి, ఆమె కల్లం ఆసామి యలమందయ్య వంక చూసింది.

"వేసుకోవమ్మా," అన్నాడాయన. "వేసుకుని నీడన కూర్చుని, రంగుపోయిన తాలుకాయలు ఏరు. కూలేమీ తగ్గించనులే."

ఆమె ఆ జోడును కళ్లకద్దుకుని తొడుక్కుంది.

గడువునాటికి పుండు సగమైంది. వేలు తీయనక్కరలేదని గుంటూరు డాక్టరు తేల్చేశాడు. వైశాఖంలో అల్లాబక్షు చివరి కట్టు విప్పాడు. లోపల గులాబిరంగు కొత్తచర్మం. అది చూడాలని నలుగురూ ఒక్కసారే వంగారు.

"ఒరేయ్ బక్షూ, నా కాలికి ఇంతమంది దణ్ణం పెడుతున్నారేమిట్రా!" అని సుబ్బరావమ్మ పకపకా నవ్వింది.

ఈ కథ విన్నవారి పాదాలు చల్లగా నడుచుగాక. వారి బాధను కలిసి కూర్చుని వినే మనుషులు వారికి ఎన్నడూ కొరవడకుందురుగాక.