తేలికపాటి గరిటె

గరిటె కొనడమంటే ఏమిటో తెలియాలంటే మా అంగడి తిన్నె మీద ఒక పూట కూర్చోవాలి. ముత్తుకూరు బజారులో పాత్రల అంగడి నాది. ఇత్తడివి, సత్తువి, ఇనపవి, చెక్కవి, కొబ్బరిచిప్పవి, అన్ని గరిటెలూ దూలానికి కట్టిన తాళ్ళకు వేలాడుతుంటాయి. ఈ మధ్య మద్రాసు నుంచి తుప్పుపట్టని ఎవర్‌సిల్వరువి కూడా తెప్పిస్తున్నాను. ఆడవాళ్ళు వస్తే గరిటెను చూడరు, పట్టుకుంటారు. ఎదురుగా గిన్నె ఉన్నట్టే గాలిలో తిప్పుతారు. కాడకూ గుంటకూ అతుకు వేసిన చోట గోటితో గీకుతారు, అక్కడ సందుంటే పప్పు ఇరుక్కుంటుందని. అట్లకాడైతే అంచు పలచగా ఉందో లేదో అని బొటనవేలు ఆనిస్తారు. అన్నీ కిందికి దింపించి, నా నడుము విరిచి, చివరికి మొదట పట్టుకున్నదే తీసుకుపోతారు.

మొగవాళ్ళతో ఈ బాధ లేదు. వచ్చి "గరిటె" అంటారు, ఇచ్చింది పట్టుకుపోతారు. మర్నాడు ఇల్లాలు వచ్చి నన్ను నాలుగు తిట్టి మార్చుకుపోతుంది. ఆదెయ్య ఈ రెండు రకాల్లో ఏ రకానికీ చెందడు.

సముద్రపు ఒడ్డు పాలెం నుంచి వచ్చాడు. తెప్ప మీద వేటకు పోయే మనిషి. అరవై దగ్గరపడుతున్నా భుజాలు ఇంకా బిగువుగానే ఉన్నాయి, అరచేతులు మాత్రం కాయలు కాచి చెక్కబారిపోయాయి. ఒక ఇత్తడి గరిటె దింపించుకొని దాన్ని వేలి మీద అడ్డంగా నిలబెట్టాడు. అటూ ఇటూ ఊగి నిలిచింది.

"సమంగా ఉండాది శెట్టిగారూ" అన్నాడు.

"సముద్రంలోకి ఎత్తుకపోయేదానికి ఇదేమన్నా తెడ్డా అయ్యా?"

నవ్వి, అదే తీసుకుపోయాడు. మంచి గరిటె అది. పొడుగు కాడ, వెడల్పాటి గుంట, లోపల కళాయి. కాడ చివర చిన్న సొట్ట ఒకటి ఉంది గానీ, అది నాకు తప్ప ఎవరికీ కనపడదు.

తరువాతి సంతనాడు ఆ గరిటెను వాపసు తెచ్చాడు. పొయ్యి చూసిన సామాను నేను వాపసు తీసుకోను. అతుకు దగ్గర పసుపు కనబడగానే నాకు ఒళ్ళు మండింది.

"ఏందిది ఆదెయ్యా? పులుసులో ముంచి తెచ్చి, ఇప్పుడు వద్దంటే ఎట్టా?"

"బరువుగా ఉండాదంట. తేలికపాటిది ఒకటి ఇయ్యండి."

గొణుక్కుంటూనే సత్తు గరిటె ఇచ్చాను. అదీ తిరిగొచ్చింది, కాడ సన్నం, జారిపోతూ ఉందని. చెక్క తెడ్డు ఇచ్చాను. అదీ వచ్చింది, పిడి లావు, వేళ్ళు ముడుచుకోవడం లేదని. ఎవర్‌సిల్వరుది ఇచ్చి, ఇక దీనికి పేరు పెట్టేవాళ్ళు ఈ జిల్లాలో లేరని గొప్పగా చెప్పాను. అది కూడా వచ్చింది. ఆ రోజు అంగట్లో జనం ఉన్నారు. నా నోరు నా మాట వినలేదు.

"నీ పెళ్ళాం మహారాణి గామాలు! ఆమెనే తీసకరా. ఆమె ఎంచుకుంటుంది, నా ప్రాణం కుదుటపడతది" అని అందరి ముందూ కేకలేశాను.

ఆదెయ్య జనం పలచబడేదాకా పక్కన నిలబడి, అప్పుడు దగ్గరికొచ్చాడు.

"కామమ్మకి చెయ్యి పడిపోయింది శెట్టిగారూ. కుడిచెయ్యి. ఉగాది ముందర నుంచీ. నెల్లూరు పెద్దాసుపత్రిలో చూపించినా. వచ్చినకాడికే అన్నారు. వేళ్ళు రవంత ముడుస్తా ఉండాది, అంతే."

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అతనికి మంచినీళ్ళు ఇప్పించి, తిన్నె మీద కూర్చోబెట్టుకున్నాను.

వాళ్ళకు బిడ్డలు నిలవలేదు. పాలెంలో గంగమ్మ కొలుపు జరిగితే ఊరందరికీ చేపల పులుసు వడ్డించేది కామమ్మేనట. చట్టి ముందు ఆమె గరిటె పట్టుకొని కూర్చుంటే, ఏ ముక్క ఎవరికి పడాలో ఆమెకే తెలుసునట. అలాంటి మనిషి చెయ్యి పడిపోయిన దగ్గర నుంచి గోడవైపు తిరిగి పడుకుంటోంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూర తెచ్చి పెడితే కంచం తోసేస్తోంది. ఒకరి గరిటె కింద నా కంచం పెట్టను, ఎడమచేత్తో వడ్డించుకోను అంటోంది. ఇన్ని గంజినీళ్ళతో రోజులు గడుపుతోంది. ఆదెయ్యకు అన్నం ఉడికించడం కూడా రాదు. పుట్టి బుద్ధెరిగి పొయ్యి ముందు కూర్చున్న మనిషి కాదు.

"చిక్కి సగమైపోయింది శెట్టిగారూ. ఆ చేతికి ఆనే గరిటె ఒకటి దొరికితే లేచి కూసుంటది. నాకు తెలుసు. మంచిది ఒకటి చూడండి."

వాపసు తెచ్చిన గరిటెలన్నీ పసుపు ఎందుకు పూసుకొచ్చాయో అప్పుడర్థమైంది. ఇరుగుపొరుగు తెచ్చిన కూరను ఆమె ప్రతిదానితోనూ తానే వడ్డించుకోవాలని చూసింది.

ఆ రోజు నుంచి నాకూ అదే పనైపోయింది. పలచటివి, పొట్టివి, పిల్లలు ఆడుకునేంత తేలికవి, దొరికినవన్నీ ఏరి పక్కన పెట్టాను. ఆదెయ్య వచ్చి ఒక్కొక్కటీ పట్టుకొని చూస్తాడు. తెడ్డు వేసే ఆ చేతికి అన్నీ తేలికే, అన్నీ బాగున్నట్టే ఉంటాయి. ఒకనాడు అతనే చిరాకుపడి గరిటెలు కింద పెట్టేశాడు.

"నా చేతికేం తెలుస్తది? దీనికి బండ కూడా బరువుండదు" అని, కుడిచేతిని తిన్నె మీద పరిచి దాని మీద కూర్చున్నాడు.

చెయ్యి మొద్దుబారేదాకా అలాగే కూర్చున్నాడు. వచ్చేపోయేవాళ్ళు నవ్వారు. వేట లేక మతి చెడిందన్నారు. తరువాత ఆ తిమ్మిరెక్కిన చేత్తో గరిటెలు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. ఒకటి జారి ఖణేల్మని పడింది. ఇంకొకటి పడింది. కొబ్బరిచిప్ప గరిటె మాత్రం నిలిచింది. చిప్ప నున్నగా గీకినది, కాడ వెదురుది. దానికి వల అల్లే నూలు చుడితే పట్టు దొరుకుతుందన్నాడు. అతని మొహం నిండా వెలుగొచ్చింది. నాకూ సంతోషమే అయింది. ఇన్నాళ్ళ వ్యాపారంలో ఒక గరిటె అమ్మి అంత సంబరపడింది లేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేనూ చేతి మీద కూర్చొని, ఆ చేత్తో చారు గరిటె ఎత్తబోయాను. చారంతా పంచె మీద పోసుకున్నాను. మా ఇల్లాలు ఆదిశేషమ్మ, ఈ వయసులో ఇవేం చేష్టలని కసిరింది. ఆదెయ్య సంగతి చెప్పాను. ఆమె గుడ్డ తెచ్చి పంచె తుడిచింది.

"మీ చేతికి తిమ్మిరి వదిలిపోతుంది గదా" అంది.

ఆ మాట నాకు నచ్చలేదు. ఆడవాళ్ళు ఏదో ఒకటి అంటారులే అనుకొని పడుకున్నాను.

మరుసటి సంతకు ఆదెయ్య ఒంటెద్దు బండిలో వచ్చాడు. వెనక వరిగడ్డి మీద ఒక ఆడమనిషి కూర్చొని ఉంది. ఎండిన చింతబరికెలాగుంది మనిషి, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. ఆదెయ్య ఆమెను రెండు చేతులా ఎత్తి తెచ్చి మా తిన్నె మీద కూర్చోబెట్టాడు.

"ఆ శెట్టిని నేను చూడాల అనింది" అన్నాడు నాతో. "నిన్ననే అనింది. బయటికి పోదామని ఇన్నాళ్ళకి ఆమెంతట ఆమె అడిగింది శెట్టిగారూ." గొంతులో ఆశ దాగడం లేదు.

చిప్ప గరిటె సంగతి అడిగాను. ఆమెను చూసి కాదు, అతన్ని చూసి.

"పట్టుకునింది. ఎత్తింది గూడా. కంచందాకా వచ్చేసరికి..." అని ఆగిపోయాడు.

"ఒలికిపోయింది" అంది కామమ్మ. "నీ తప్పుగాదులే శెట్టీ, మంచి గరిటే ఇచ్చినావు. ఏదీ, నీ కాడుండేటియన్నీ దింపు."

ఏరి పెట్టిన తేలికవన్నీ ఆమె ముందు పోశాను. ఆమె వాటిని ఎడమచేత్తో పక్కకు జరిపింది.

"ఇయ్యి గాదు. పెద్దయి."

నేను చెప్పబోతే వినలేదు. పెద్ద గరిటెలన్నీ దింపాను. ఆమె చూపు చూస్తే, గరిటె ఎంచడం తెలిసిన ఆడదని నాకు ఇట్టే తెలిసిపోయింది. అతుకులు గోటితో గీకింది. గుంట లోపల వేలుపెట్టి కళాయి చూసింది. కాడ వంగుతుందేమో అని తిన్నెకు ఆనించి నొక్కింది. అన్నీ ఎడమచేత్తోనే. కుడిచెయ్యి ఒళ్ళో అలా పడి ఉంది. నచ్చిన ఒకదాన్ని తీసి మొగుడికి అందించింది.

"పట్టు."

పట్టుకున్నాడు.

"తిప్పు."

"గాల్లోనా?"

"గాల్లోనే. భుజంతో తిప్పబాకయ్యా, అది సముద్రం గాదు. మణికట్టుతో."

తిప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపి ఇంకొకటి ఇచ్చింది. అదీ తిప్పించింది. ఆమె తన చేతికే ఎంచుకుంటోందనుకొని, ఆదెయ్య చెప్పినట్టల్లా చేశాడు. "ఇది రవంత తేలికే మే, నూలు చుడతాలే" అంటూనే ఉన్నాడు. చివరికి కాడ మీద సొట్ట ఉన్న ఇత్తడి గరిటె వచ్చింది. అన్నిటికంటే మొదట అతను కొనుక్కుపోయిందీ, వాపసు తెచ్చిందీ అదే. ఆ పెద్ద చేతిలో అది ఇమిడిపోయింది. మణికట్టు సరిగ్గా తిరిగింది.

"ఇది ఇయ్యి శెట్టీ" అంది.

"అమ్మా, అది బరువు. ఆ రోజు నువ్వే వద్దంటివి..."

"నాకు గాదులే."

ఆదెయ్య చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "మరి ఎవురికి?"

"ఎవురికేంది? నీకే. నేను పక్కన కూసోని చెప్తా, నువ్వు చెయ్యి. పులుసు ఉడికేటప్పుడు గరిటె పెట్టబాక, ముక్క ఇరిగిపోతది. చట్టి అంచులు గుడ్డతో పట్టుకోని తిప్పాల. ఇది వడ్డించేదానికి."

"నాకు చేతగాదు మే."

"ఒకరి గరిటె కింద కంచం పెట్టనన్నా గదా. నీ గరిటె కిందైతే పెడతా." ఇత్తడి కాడను ఎడమచేత్తో తడుముతూ అంది. "ఉండేన్నాళ్ళూ నాకు పెట్టు. ఆ తరువాత నువ్వు ఎవురింటి కాడా కంచం పట్టుకోని నిలబడబాక."

ఆమె ఏడవలేదు. సంతలో బేరం కుదిరినట్టు మామూలుగా చెప్పింది. నేను ఆమె మొహం చూడలేక తాళ్ళు సర్దుతున్నట్టు పైకి చూశాను. ఆమె ఇక తింటుంది. అతను కోరుకున్నదీ అదే.

ఆదెయ్య ఆ గరిటెను కింద పెట్టలేదు, సంచిలోనూ వేసుకోలేదు. దాన్ని పట్టుకొనే నా దగ్గరికి వచ్చి, ఆమెకు వినబడకుండా మెల్లగా అడిగాడు.

"శెట్టిగారూ, ఇంకొకటి చూపించండి. దీనికన్నా తేలికపాటిది. ఆమె చేతికి ఆనేది. ఉంటది, చూడండి."

దూలం పొడుగునా గరిటెలు వేలాడుతున్నాయి. తల ఎత్తి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాను. చూపించడానికి నా దగ్గర ఒక్కటీ లేదు.