వెనక సీటులో ఉక్క

ఉక్కగా ఉందంటుందేమిటి ఈవిడ, ఉక్క ఎక్కణ్నుంచి వస్తుంది, కారు తెర మీద ఇరవైనాలుగు డిగ్రీలని అంకెలు వెలుగుతూనే ఉన్నాయి, పైగా ఆ మాట మరెవరైనా అంటే సరేలే అనుకోవచ్చు, అన్నది అత్తయ్య, మండుటెండలో నిలబెట్టి అడిగినా నీడపట్టునే ఉన్నానులే అమ్మా అనే మనిషి, పదేళ్లలో ఒక్కసారి కూడా ఇది నాకు బాగాలేదు అని నోరు తెరవని మనిషి, అలాంటిది ఇవాళ వెనక సీట్లోంచి, కాస్త ఉక్కగా ఉందేమోనమ్మా, అని సగం మాట గొంతులోనే దాచుకున్నట్టు అన్నది, అనగానే కోడలి చెయ్యి స్టీరింగ్ మీద బిగుసుకుంది, ఎందుకంటే సరిగ్గా ఈ మాటే, వెనక ఉక్కగా ఉంది అనే మాటే, కొన్ని నెలలుగా ఆమె ప్రాణం తోడేస్తోంది, ఈ రకం కారు కొన్నవాళ్లలో చాలామందిది అదే ఫిర్యాదు, ఇన్ని డిగ్రీలు కావాలని ఒక్క మీట నొక్కితే చాలు, మిగతాదంతా కారే చూసుకుంటుంది అని కంపెనీ గొప్పగా చెప్పుకునే ఆ ఏర్పాటును తీర్చిదిద్దిన ఇంజినీరు ఆమే, ఈ మధ్యాహ్నం మీటింగులో జవాబు చెప్పుకోవాల్సిందీ ఆమే, నిన్న అందరి ముందూ చీఫ్, నీ లెక్కలు చల్లగానే ఉన్నాయమ్మా, మనుషులే ఉడికిపోతున్నారు, అన్నాడు, అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది, నవ్వి, ఇంటికొచ్చి, స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది, ఇప్పుడు తన కారులోనే, తన అత్తగారి నోటే, అదే మాట.

ఫ్లైఓవర్ మీద బళ్లు కదలడం లేదు, ముందు సిమెంటు లారీ, పక్కన పాల వ్యాను, ఎడమవైపు గోడ, కంటి ఆసుపత్రి ఎదురుగా కనిపిస్తూనే ఉంది కానీ వెళ్లడానికి దారి లేదు, అత్తయ్యకి ఆపరేషనయిన కన్ను ఇవాళ చూపించాలి, భర్త ఊళ్లో లేడు, చూపించి, ఇంట్లో దింపి, మీటింగుకి పరుగెత్తాలి, అయినా ఉక్క ఎందుకుంటుంది, ముందు ఎండ కొలిచేది చూడాలి, అదిగో అద్దం కింద డాష్‌బోర్డు మీద నల్లటి గాజుబొట్టు, ఎండ ఎంత గట్టిగా పడుతోందో అదే కనిపెట్టి చెబుతుంది, దాని మీద ఏ కాగితమో పడితే కారు మబ్బుపట్టిందనుకుని గాలి తగ్గించేస్తుంది, కాగితం లేదు, దుమ్ము కూడా లేదు, తర్వాత స్టీరింగ్ పక్కన జల్లెడలాంటి చిన్న కన్నాలు, వాటి వెనక వేలిగోరంత పంకా, కారులోని గాలిని గుటకలు గుటకలుగా పీల్చి వేడి కొలిచే గింజ మీదికి తోస్తుంది, ఆ పంకా ఆగిపోతే గింజ నిలవగాలినే కొలుచుకుంటూ కూర్చుంటుంది, వంగి చెవి ఆనించింది, సన్నగా రొద వస్తోంది, తిరుగుతోంది, అమ్మా ఏమైంది అంటోంది అత్తయ్య, ఏం లేదత్తయ్యా మీరు పడుకోండి, ఇక బయటి వేడి కొలిచేది, అది ముందు బంపరు వెనక ఉంటుంది, ఇలా ట్రాఫిక్‌లో ఆగిపోతే ఇంజను సెగ తగిలి బయట నిప్పులు కురుస్తున్నాయనుకుంటుంది, అందుకే బండి కదిలేదాకా దాని మాట పట్టించుకోవద్దని ప్రోగ్రాములో తనే రాసింది, కాబట్టి అదీ కాదు, ఇక మిగిలింది ఆ తలుపు, చల్లగాలినీ వేడిగాలినీ కలిపే ప్లాస్టిక్ తలుపు, ఈ కొలతలన్నీ చూసుకుని కంప్యూటరు చిన్న మోటారుకి ఇంత తెరువు, అంత మూయి అని చెబుతుంటే అది రోజంతా అటూ ఇటూ జరుగుతూనే ఉంటుంది, అది కాస్త ఇరుక్కుంటే చాలు, వేడిగాలి కలిసిపోతుంది, అదే అయ్యుంటుంది, అదే అయ్యుండాలి, దొరికింది, చీఫ్‌కి చెప్పడానికి ఒక మాట దొరికింది, అని లోపలెక్కడో సంతోషం పొంగింది.

అత్తయ్యా, గాలి మొహానికి తగులుతోందా, తగులుతోందమ్మా, చల్లగా వస్తోందా వెచ్చగానా, చల్లగానే వస్తోంది, మరి ఉక్కంటారేమిటి, ఏమోనమ్మా, లోపల్నుంచి వస్తోంది, లోపల్నుంచి అంటే డాష్‌బోర్డు లోపల్నుంచే, ఇంకెక్కణ్నుంచి, అనుకుని ఆమె సొరుగు తెరిచి తుపాకీలాంటి థర్మామీటరు తీసింది, దాని ఎర్రటి వెలుగుచుక్కని గాలి వచ్చే చోట పెడితే తొమ్మిది, కప్పుకి పెడితే ఇరవైఆరు, వెనక్కి చాచి సీటు వీపుకి పెడితే ఇరవైఐదు, వెనక గాలి దారిలో పెడితే పది, ఉండాల్సినట్టే ఉంది, అంతా అచ్చం ఉండాల్సినట్టే ఉంది, తలుపు ఇరుక్కోలేదు, గింజ అబద్ధం చెప్పడం లేదు, తన లెక్క తప్పలేదు, మనుషులే ఉడికిపోతున్నారట, ఎవరు ఉడికిపోతున్నారు, రండి, వచ్చి ఈ అంకెలు చూడండి, అని మనసులో చీఫ్‌తో తగువు మొదలుపెట్టి, ఆ తగువు మధ్యలోనే ఆగిపోయింది, అంతా సరిగ్గా ఉంటే, చల్లగాలి చల్లగానే తగులుతుంటే, మరి ఈవిడకి చెమటెందుకు పడుతోంది.

వెనక అద్దంలో అత్తయ్య మొహం పిండి పూసినట్టు తెల్లగా ఉంది, పై పెదవి మీద, నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా నిలబడి ఉంది, రవిక మెడ దగ్గర బొత్తాం విప్పుకోబోతున్న వేళ్లు బొత్తాన్ని దొరకబుచ్చుకోలేక వణుకుతున్నాయి, అత్తయ్యా, అంది ఆమె, అత్తయ్య పలకలేదు, అత్తయ్యా, ఇటు చూడండి, చూసింది, చూసి, ఎవరినో చూసినట్టు నవ్వి, అక్కా, తలుపేసెయ్యవే, నాన్న చూస్తాడు, అంది, ఆ మాట విని ఆమె బెల్టు ఊడదీసుకుని రెండు సీట్ల మధ్యలోంచి వెనక్కి తిరిగి ఆ చెయ్యి పట్టుకుంది, తడిసి ముద్దయిన చెయ్యి, కానీ వేడి లేదు, కుండలో నీళ్లలా చల్లగా ఉంది, ఉక్కకి పట్టే చెమట ఇలా ఉండదు, చల్లచెమట, వణుకు, తికమక మాట, దేవుడా, ఇన్సులిన్, పొద్దున ఇన్సులిన్ వేసుకుంది, షుగర్ పడిపోతోంది, ఉక్కగా ఉందన్నది ఎప్పుడు, ఎంతసేపయింది, ఇంతసేపూ తను గాజుబొట్టుతోనూ గింజతోనూ మాట్లాడుతూ కూర్చుంది, తీపి, ఏదైనా తీపి కావాలి, బ్యాగు ఒడిలో గుమ్మరించింది, లాప్‌టాప్ తీగ, కంటిచుక్కల సీసా, దువ్వెన, చక్కెర లేని చూయింగ్ గమ్, చక్కెర లేనిదట, దాన్ని కిటికీకేసి కొట్టి, తలుపు తోసుకుని దిగింది.

బయట సెగ మొహం మీద చరిచినట్టు తగిలింది, పాల వ్యాను అద్దం మీద రెండు చేతులతో బాదింది, డ్రైవరు కోపంగా అద్దం దించాడు, ఆమె మొహం చూసి కోపం మానుకున్నాడు, తియ్యటిదేమైనా ఉందా అన్నా, ఏదైనా సరే, మా అత్తయ్యకి షుగర్ పడిపోయింది, అయ్యో, నా దగ్గర ఈ సీసా ఉంది కానీ సగం తాగేశానమ్మా, ఎంగిలిది, ఎంగిలైతే ఏంటన్నా ఇవ్వండి, నారింజరంగు సీసా అందిస్తూనే అతను కూడా దిగిపోయాడు, మింగగలుగుతోందో లేదో చూసుకోండి, మింగలేకపోతే పొయ్యకండి, మా నాన్నకి ఇలాగే అయ్యేది, నేను ఆంబులెన్సుకి ఫోన్ చేస్తా, మీరెళ్లండి, అన్నాడు, ఆమె వెనక తలుపు తీసి అత్తయ్య పక్కన కూర్చుంది, తల భుజానికి ఆనించుకుంది, తాగండి అత్తయ్యా, ఒక్క గుక్క, పెదవులు మూసుకుపోయాయి, అక్కనే చెబుతున్నా, తాగవే, అంది, ఎందుకన్నదో ఆమెకే తెలీదు, పెదవులు తెరుచుకున్నాయి, గుటక పడింది, మరొకటి పడింది, సగం గడ్డం మీంచి కారి ఇద్దరి బట్టలూ తడిపింది, సిమెంటు లారీ కదిలింది, వెనక హారన్లు అందుకున్నాయి, ఫోను మోగింది, చీఫ్ అయ్యుంటాడు, ఎవరైతేనేం, వ్యాను డ్రైవరు వెనక బళ్లవాళ్ల మీద అరుస్తున్నాడు, మనిషికి బాలేదయ్యా, కళ్లు కనబడట్లా, కాస్త ఆగలేరా, ఆమె అత్తయ్య మణికట్టు వదలకుండా, ఆ చేతిలోకి ఎప్పటికి వెచ్చదనం వస్తుందా అని చూస్తూ, రావాలి, రావాలి, వచ్చెయ్, అని ఎవరిని బతిమాలుతోందో తెలియకుండా బతిమాలింది.

ఎవరిదమ్మా ఈ సీసా, అంది అత్తయ్య, గొంతు బలహీనంగానే ఉంది కానీ తన గొంతే, పాల వ్యాను అతనిది, ఎంగిలిదా, ఆ, మరి ముందే చెప్పొద్దూ, అని మొహం చిట్లించి, ఒక్క క్షణం ఆలోచించి, ఇంకో గుక్క ఇటియ్యి, అంది, ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, ఆంబులెన్సు ఫ్లైఓవర్ కిందికి వచ్చేస్తోందమ్మా, బండి మెల్లగా దించండి, నేను మీ వెనకే ఉంటా, అంటున్నాడు డ్రైవరు, సరేనంటూ తల ఊపి అత్తయ్య వైపు తిరిగింది, పొద్దున తిన్నానన్నారు కదా అత్తయ్యా, మరి ఇలా ఎందుకైంది, అత్తయ్య సీసా మూత తిప్పుతూ, నువ్వు చెప్పులేసుకుని, తాళాలు చేత్తో పట్టుకుని అడిగావు కదమ్మా, తినలేదంటే నీకు ఆలస్యమయ్యేది కాదూ, అంది, అందులో నిష్ఠూరం లేదు, ఉంటే బాగుండేది, నిష్ఠూరమైతే జవాబు చెప్పుకోవచ్చు, ఆమె ఇప్పుడెలా ఉంది అత్తయ్యా అని అడిగి, వెంటనే బాగానే ఉంది కదూ అనబోయి, నాలుక కరుచుకుని ఊరుకుంది, హారన్లు మోగుతున్నాయి, మోగనీ, అత్తయ్య కిటికీలోంచి ఎటో చూస్తూ, భయమేసిందమ్మా, అంది, నువ్వు అక్కడ ముందున్నావు, పిలుద్దామంటే నీ పేరు గుర్తురాలేదు, ఏమని పిలవాలో తెలీక కూర్చున్నా, అంది, పదేళ్లలో ఈవిడ తనతో చెప్పిన మొదటి నిజం ఇదేనేమో, కాదు, తను ఆగి విన్న మొదటి నిజం, తిన్నారా, పడుకున్నారా, బాగానే ఉంది కదా అని తను రోజూ అడుగుతూనే ఉంది, ఎప్పుడూ గుమ్మం దాటుతూ అడిగింది, అందుకే ఈవిడ ఏం పర్లేదమ్మా అంది, అది ఈవిడ స్వభావం అనుకుంది ఇన్నాళ్లూ, స్వభావం కాదు, తన తొందరకి ఈవిడ పక్కకి జరిగి ఇస్తూ వచ్చిన దారి.