హోయ్ట్ లోపలికి వస్తే

పెంబర్టన్ కాలేజీ వాళ్ళ స్టేడియంలో హోయ్ట్ క్రెన్‌షా అడుగుపెడితే హార్లన్ స్టేట్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఓడిపోతుంది. క్రెన్‌షాల ఇంట్లో ఇది ఎవరూ వాదించని విషయం. వయసులో ఉన్నప్పుడు ఎన్నిసార్లు వెళ్ళాడో అన్నిసార్లూ ఓడారు. ఒక ఏడు కడుపునొప్పి వచ్చి బయట ట్రక్కులో పడుకుంటే గెలిచారు. ఆ కడుపునొప్పితో ఆయన రాత ఖాయమైపోయింది. అప్పటినుంచి ఏడాది విడిచి ఏడాది, ఆట పెంబర్టన్ వాళ్ళ ఊళ్ళో పడ్డప్పుడల్లా, కుటుంబమంతా పసుపు చొక్కాలు తొడుక్కుని లోపలికి పోతుంది. పెద్దాయన మాత్రం ట్రక్కు వెనకాల పొయ్యి పెట్టుకుని పల్లీలు ఉడకబెడుతూ కూర్చుంటాడు. ఆయన బయటున్నా ఓడిన సందర్భాలు లేకపోలేదు. వాటి కారణాలు వేరు. ఒకసారి ఎవరో చొక్కా ఉతికేశారు. ఒకసారి వెనక వరస బర్ల్ కొత్త బూట్లేసుకొచ్చాడు.

ఈ చట్టానికి కాపలాదారు ఆయన కొడుకు డెల్మర్. తండ్రి ట్రక్కులో రేడియో విన్నా చూసినట్టేనని తీర్పు చెప్పి, ట్రక్కు తాళం తన జేబులో వేసుకుని మరీ లోపలికి వెళ్తాడు. అలాగని తండ్రికి టికెట్టు కొనడం మానడు. మనిషికో టికెట్టు కొనకపోతే అదో అపశకునమట. కాబట్టి ప్రతిసారీ వాళ్ళ వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది.

డెల్మర్ భార్య జునెల్‌కి పెళ్ళయినప్పటినుంచీ ఒకటే ఆరాటం. ఆటంతసేపూ ఈ మనిషి ఒక్కడూ అక్కడ కూర్చుని ఏం చేస్తాడు? అడిగితే, "పల్లీల్లో ఉప్పు చూస్తుంటానమ్మాయ్" అంటాడు. ఉప్పు చూడ్డానికి ఎంతసేపు కావాలి? ఈసారి ఏమైనా సరే తేల్చుకోవాలనుకుని, అందరూ బయల్దేరేవేళ మడమ పట్టుకుంది.

"బెణికినట్టుంది. మీరు పదండి, నేను కాసేపాగి వస్తా."

డెల్మర్ మొహంలో లెక్కలు మొదలయ్యాయి. "నువ్వు లోపల లేకుండా ఎప్పుడైనా గెలిచామా?"

"నేను లోపలున్నా కిందటిసారి ఓడలేదా?"

"అదీ నిజమే. అయితే ఉండు" అన్నాడు డెల్మర్, ఒక గండం గడిచినంత తేలిగ్గా.

ఊదా చొక్కాల పెంబర్టన్ కుర్రాళ్ళు వాళ్ళ ట్రక్కు పక్కనుంచి పోతున్నారు. హార్లన్ జట్టు గుర్తు కంచరగాడిద. అందువల్ల వాళ్ళ నోటికి పని కల్పించనక్కర్లేదు.

"ఏం గాడిదలూ, మేతకి గడ్డి తెచ్చుకున్నారా?"

"ఎందుకు బాబూ, మీ మైదానం నిండా ఉందిగా!" అన్నాడు హోయ్ట్ గరిటె ఊపుతూ. కుర్రాళ్ళు నవ్వి, పెద్దాయన ఇచ్చిన పల్లీలు గుప్పెళ్ళతో పట్టుకుని పోయారు.

ఆట మొదలైంది. హోయ్ట్ గరిటె పక్కన పెట్టి, స్టేడియం గోడ వైపు చెవి తిప్పి కూర్చున్నాడు. జునెల్ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. లోపల పెద్ద హోరు లేచింది. లేచినది లేచినట్టే తెగిపోయింది.

"మనకే" అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"విన్లా? పూర్తిగా లేవాల్సిన హోరు మధ్యలో తెగింది. వాళ్ళు విసిరిన బంతి మనవాడి చేతిలో పడ్డట్టు. పరాయి చోట మనకి మంచి జరిగితే చప్పుడుండదమ్మాయ్. వాళ్ళు నోరు మూసుకున్నారంటే మనకి పండగే."

జునెల్ కూడా చెవి ఒగ్గింది. మొదట అంతా ఒకటే రొదలా ఉంది. కాసేపటికి రొదలో తేడాలు తెలియసాగాయి. ఈలలు, మూలుగులు, ఎక్కడో అడుగున సన్నగా హార్లన్ బ్యాండు. ఇన్నేళ్ళూ ఈయన పల్లీలు ఉడకబెట్టలేదు, గోడవతలి ఆట ఆడుతున్నాడు! ఆమెకి తెగ ముచ్చటేసింది. దాని వెంటే మనసు చివుక్కుమంది. రేడియో కూడా లేకుండా చేశాం కదా ఈ మనిషికి అనిపించింది.

విరామం వచ్చేసరికి, "ముందున్నాం. ఎంతో తెలీదుగానీ ముందున్నాం" అని తేల్చాడాయన. అప్పుడు జునెల్ రెండో సందేహం బయటపెట్టింది.

"మావయ్యా, ఏమీ అనుకోనంటే ఒకటడుగుతా. వేసవినుంచీ చూస్తున్నా. నాతో మాట్లాడేటప్పుడు నా మొహం చూడరు, నా చెవి చూస్తారు. నా మీద కోపమేమన్నా ఉందా?"

హోయ్ట్ పకపకా నవ్వాడు. "నీ చెవి చూస్తేనే నీ మొహం కనపడుతుందే పిచ్చిదానా. నేరుగా చూస్తే నట్టనడుమ మసి పూసినట్టుంటుంది. పక్కకి చూస్తే నువ్వు అంచులో దొరుకుతావు." నవ్వు తగ్గింది. "ఆ అంచులు కూడా ఏడాదికి మించి నిలవ్వన్నాడు డాక్టరు."

"డెల్మర్‌కి చెప్పారా?"

"చెప్పలేదు. నువ్వూ చెప్పకు. వాడు నా మీద కేకలేస్తే బాగుంటుంది. జాలి పడితే నా వల్ల కాదు."

"చెప్పన్లెండి" అంది జునెల్. మళ్ళీ ఇక్కడ ఆట రెండేళ్ళ తర్వాతే. ఆ లెక్క ఆయనకీ తెలుసు.

"ఎప్పుడూ లోపలికి రావాలనిపించలేదా?"

"ఎందుకనిపించదు? గెలిచినరోజు ఈ జనమంతా నోరు మూసుకోవడం విన్నా. ఆ మొహాలు ఎలా ఉంటాయో ఒక్కసారి చూడాలని ఉంది. ఇంటి దగ్గర గెలిస్తే ఏముంది, అందరూ మనవాళ్ళే."

జునెల్ లేచి పొయ్యి ఆర్పేసింది. "పదండి. మీ టికెట్టు నా ఫోనులోనే ఉంది."

"నీకేమైనా మతిపోయిందా! డెల్మర్ గుండాగి చస్తాడు."

"గేటు దగ్గర అంబులెన్సుంది. లేవండి."

"ఓడితేనో?"

"పిల్లి శాపాలకి ఉట్లు తెగుతాయా? మీ చూపుకి మనవాళ్ళ చేతిలోంచి బంతి జారుతుందా?"

ఆయన లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. ఆ నమ్మకం డెల్మర్‌కంటే ఈయనకే ఎక్కువ ఉందని జునెల్‌కి అప్పుడు తెలిసింది. తన ఆశకి జట్టు ఎక్కడ బలైపోతుందోనని ఇన్నేళ్ళూ తనంతట తనే బయట కూర్చున్నాడన్నమాట. చివరికి జేబులోంచి దువ్వెన తీసి, ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వుకుని, పెళ్ళిచూపులకి వెళ్తున్నవాడిలా టోపీ సర్దుకుని నడిచాడు.

హార్లన్ వాళ్ళకిచ్చిన మూల ఆకాశానికి దగ్గర్లో ఉంది. ఊదా సముద్రంలో ఒక పసుపు ముక్క. మెట్లెక్కి వస్తున్న తండ్రిని చూసి డెల్మర్ దయ్యాన్ని చూసినట్టు నిలబడిపోయాడు.

"నాన్నా!"

అదే క్షణాన కింద హార్లన్ కుర్రాడి చేతిలోంచి బంతి జారింది. పెంబర్టన్ వాడొకడు దానిమీద పడ్డాడు. స్టేడియం దద్దరిల్లింది.

"ఎవర్రా ఆ ఐరన్‌లెగ్గుని లోపలికి తెచ్చింది!" వెనకనుంచి బర్ల్ బొబ్బ పెట్టాడు. "పెద్దాయనా, నీకు దణ్ణం పెడతా, ట్రక్కు దగ్గరికి పో!"

"నేనే తెచ్చా" అంది జునెల్. "కొత్త బూట్లేసుకుని ఆటని ముంచినవాళ్ళు మాట్లాడకూడదు."

డెల్మర్ మాత్రం ఆమె వంక ఒక్క చూపు చూశాడు. పెళ్ళయ్యాక అలాంటి చూపు ఆమె ఎరగదు. హోయ్ట్ తన ఖాళీ కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు. ఎవరి ఇంటికో పిలవకుండా భోజనానికొచ్చినట్టుంది వాలకం. మొహం పక్కకి తిప్పి, కంటి అంచుతో మైదానాన్ని వెతుక్కుంటున్నాడు.

అక్కణ్ణించి అన్నీ ఎదురే. పెంబర్టన్ బంతిని హార్లన్ గీత దాటించి ఒక టచ్‌డౌన్ కొట్టింది. కాసేపాగి ఇంకొకటి. హార్లన్ చేతిలో మిగిలింది రెండే పాయింట్ల మొగ్గు, గడియారంలో మిగిలింది కాస్త వ్యవధి. బంతి పెంబర్టన్ చేతిలో ఉంది. వాళ్ళు ముందుకి వచ్చిన కొద్దీ హోయ్ట్ కుంచించుకుపోయాడు. చివరికి లేచాడు.

"నేను బయటుంటా" అన్నాడు ఎవరితోనూ కాకుండా.

జునెల్ చెయ్యి పట్టుకోబోతే విడిపించుకున్నాడు. "వద్దమ్మాయ్. చూసింది చాలు. ఆ కుర్రాళ్ళేం పాపం చేశారు?"

మెట్లు దిగబోయాడు. ఎక్కేటప్పుడు జునెల్ భుజం ఉంది. ఇప్పుడు లేదు. బూటు కొనతో మెట్టు అంచు తడిమాడు, దొరకలేదు, మళ్ళీ తడిమాడు. కమ్మీ కోసం చాచిన చెయ్యి జానెడు దూరంలో గాలిని పట్టుకుంది.

డెల్మర్ అది చూశాడు. మైదానంలో ఆటగాళ్ళు వరస కడుతుంటే, అటు వీపు పెట్టి అది చూశాడు. పెళ్ళాం వైపు తిరిగాడు. జునెల్ మాటిచ్చింది గనక నోరు విప్పలేదు. కళ్ళలో నీళ్ళు మాత్రం ఎవరికీ మాటివ్వలేదు.

డెల్మర్ రెండంగల్లో వెళ్ళి తండ్రి జబ్బ పట్టుకున్నాడు.

"ఎక్కడికి?"

"ట్రక్కు దగ్గరికేరా. నేనుంటే..."

"కూర్చో నాన్నా."

"ఓడిపోతారురా!"

"ఓడితే ఓడనీ. కూర్చో."

ఆ మాట డెల్మర్ క్రెన్‌షా నోట వచ్చిందంటే నమ్మలేక పసుపు వరసలన్నీ తలలు తిప్పాయి. బర్ల్ నోరు తెరిచాడు.

"నువ్వు ఒక్క ముక్క మాట్లాడితే బర్ల్, ఆ ట్రక్కు దగ్గర నువ్వు కూర్చుంటావు" అన్నాడు డెల్మర్. బర్ల్ నోరు మూసుకున్నాడు.

పెంబర్టన్ వాళ్ళు ఇక కిక్కుకే సిద్ధమయ్యారు. బంతి రెండు స్తంభాల మధ్యనుంచి పోతే మూడు పాయింట్లు, ఆట వాళ్ళది. డెల్మర్ తండ్రి తల రెండు చేతులతో పట్టుకుని మెల్లగా పక్కకి తిప్పాడు. "ఇలా తిరిగితే కనపడుతుందా? ఇంకొంచెం తిప్పనా?"

"ఆ, అక్కడే. స్తంభం దొరికింది."

పెంబర్టన్ కుర్రాడు కిక్కు కొట్టాడు. బంతి పైకి లేచింది. దానితోపాటు హోరూ లేచింది, పెద్దది, నిండైనది.

తెగిపోయింది.

"పక్కకి పోయింది!" అని అరిచాడు హోయ్ట్, అందరికంటే ముందు. చూసి అరిచాడో, విని అరిచాడో జునెల్‌కి ఎప్పటికీ తెలియలేదు.

తర్వాత ఆ మూలలో జరిగింది ఇదీ అని చెప్పడం కష్టం. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కావలించుకున్నారు. బర్ల్ పెద్దాయన టోపీ లాగేసి బట్టతల మీద ముద్దు పెట్టుకుని, "ఐరన్‌లెగ్గు కాదయ్యా, నీది బంగారు పాదం!" అన్నాడు, సిగ్గూ ఎగ్గూ లేకుండా. పసుపు చొక్కాల ఆటగాళ్ళు మైదానం అడ్డంగా పరిగెత్తి ఆ మూలకి కింద ఉన్న కమ్మీ దగ్గరికే వచ్చారు. అప్పుడు గెలిచిన గాడిదలు చేసే పని చేశారు అందరూ: తలలెత్తి, ఎదుటివాళ్ళ గడ్డ మీద నిలబడి, గొంతు చించుకుని ఓండ్ర పెట్టారు. డబ్భై దాటిన హోయ్ట్ ఓండ్రే అన్నిటికంటే బిగ్గరగా ఉంది.

జునెల్ మాత్రం ఆయన్నే చూస్తోంది. ఆ పక్కచూపు ఊదా వరసల మీద తిరుగుతోంది.

"ఏం కనపడింది మావయ్యా?"

"కుళ్ళి ఏడుస్తారనుకున్నా ఇన్నాళ్ళూ" అన్నాడు ఆశ్చర్యంగా. "అదిగో, ఆవిడ చూడు. పిల్లాడికి కోటు గుండీలు పెడుతోంది. ఆ ముసలాడు కిందపడ్డ గ్లాసులు ఏరుకుంటున్నాడు. మనం ఓడితే ఎలా వెళ్తామో అలాగే వెళ్తున్నారే!" ఆ సంగతి చూడ్డానికే ఇంత దూరం వచ్చినట్టు తల అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు.

బ్యాండు కాలేజీ పాట ఎత్తుకుంది. అందరూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకున్నారు. బర్ల్ వెనకనుంచి వంగి, "ఏమోయ్ పెద్దాయనా, మళ్ళీసారి కూడా లోపలికే రావాలి! ఇలాగే వంకరగా కూర్చుని చూడాలి!" అన్నాడు.

"మళ్ళీసారికి వంకరగా చూసినా ఏమీ కనపడదట. డాక్టరు చెప్పాడు" అన్నాడు హోయ్ట్, సంతోషంలో నోరు జారి. జారిన మాటని నవ్వులోకి తిప్పుకోబోయాడు. "ఇంకేం భయం? నేను చూస్తే కదా మీరు ఓడేది!"

పక్కవాళ్ళు జోకనుకుని పడీపడీ నవ్వారు. డెల్మర్ నవ్వలేదు. జేబులోంచి ట్రక్కు తాళం తీసి తండ్రి గుప్పిట్లో పెట్టి, ఆ గుప్పిటిని తన చేత్తో మూసి, పాట అయిపోయినా వదలకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.