ఆకురాయి గీత

ముందే ఒప్పుకుంటున్నాను, మొదటి తప్పు నాది.

మాచర్లలో ఒక డాక్టరుగారి దగ్గర ఇరవై ఏళ్ళుగా కాంపౌండరుని. లోపల ఆయన ఏం చెప్పినా, బయటికొచ్చాక జనం మళ్ళీ నన్నే అడుగుతారు, "అంతేనా గోపాలకృష్ణయ్య గారూ?" అని. అలా అడగ్గా అడగ్గా నాకు పొగరెక్కింది. సగం మందిని లోపలికి పంపకుండా నేనే వైద్యం చేసి పంపించేవాణ్ణి.

ఎనభై నాలుగు ఎండాకాలంలో మౌలాలీ అలాగే వచ్చాడు. రాతిపని వాడిది. నాపరాళ్ళ మీద పేర్లు చెక్కుతాడు. ఆ పని లేనప్పుడు వీధులు తిరిగి అరిగిన రోళ్ళకూ తిరగళ్ళకూ గంట్లు కొడతాడు. ఎడమచేతి బొటనవేలు చాపి, గోరు మొదట్లో పెసరగింజంత నల్లమచ్చ చూపించాడు. రాళ్ళు కొట్టేవాడి గోళ్ళు నల్లగా కాక ఎర్రగా ఉంటాయా?

"సుత్తి దెబ్బేలేవయ్యా. దీనికి కూడా డాక్టరు కావాలా?" అని నవ్వి, ఇంత టించరు అద్ది పంపేశాను.

ఏడాది గడిచాక వాడి భార్య సైదాబీ వాణ్ణి రెక్కపట్టి లాక్కొచ్చింది. మచ్చ సగం గోరు దాకా పాకింది. గోరు మొదట్లో చర్మం కూడా సిరా ఒలికినట్టు నల్లబడింది. ఈసారి డాక్టరుగారే చూశారు.

"దెబ్బ ఎప్పుడు తగిలింది?"

"రోజూ తగిలిద్ది సార్. ఏ దెబ్బని చెప్పమంటారు?"

డాక్టరుగారు నవ్వలేదు. గుంటూరు పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. ముక్క తీసి పరీక్ష చేస్తారనీ, అనుమానపడ్డట్టు క్యాన్సరే అయితే వేలు తీసేయాల్సి వస్తుందనీ, ఆలస్యమైతే వేలుతో పోదనీ దాచకుండా చెప్పారు.

మౌలాలీ తన బొటనవేలు వంక చూసుకున్నాడు. ఉలిని పట్టి నిలబెట్టేది ఆ వేలే. "వేలు లేకపోతే నేనెందుకు సార్? దెబ్బేనని అన్న ముందే చెప్పాడు" అని నా వైపు చెయ్యి చూపించాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఎంత చెప్పినా కదలకపోయేసరికి డాక్టరుగారు ఒక మెట్టు దిగారు. "కృష్ణయ్యా, మచ్చ మొదట్లో గోరు మీద గీత పెట్టు. గోరు పెరిగేకొద్దీ గీత ముందుకు జరుగుతుంది. దెబ్బకు గడ్డకట్టిన నెత్తురైతే అదీ గీతతోపాటు పోతుంది, వెనక తెల్లగోరు వస్తుంది. గీత వెనక కూడా నలుపే వస్తే మాత్రం ఆ రోజే గుంటూరు బస్సెక్కాలి. రెండు నెలలు, అంతే."

ఇంజెక్షన్ బుడ్డి మెడ కోసే చిన్న ఆకురాయి తీసుకుని గీశాను. నా జన్మలో అంత జాగ్రత్తగా ఏ పనీ చేయలేదు.

ఆ రెండు నెలలూ మౌలాలీ ఎదురుపడితే ముందు వేలు చూసేవాణ్ణి. వాడు పిడికిలి మూసేసేవాడు. కొండాలమ్మకీ మొక్కుకున్నాను, వాళ్ళ దర్గాకీ మొక్కుకున్నాను. తెల్లగోరు, గోధుమగింజంత తెల్లగోరు చాలనుకున్నాను.

గడువు రోజున వాడు గుడ్డ చుట్టుకుని వచ్చాడు. విప్పితే వేలు ఉబ్బి, గోరు చిట్లి, కిందంతా నెత్తురు. నేను పెట్టిన గీత ఎక్కడుందో ఆనవాలే లేదు.

"సుత్తి జారిందన్నా" అన్నాడు, నా మొహం చూడకుండా.

"జారలా!" అని సైదాబీ అరిచింది. "నిన్న పొద్దున గడప మీద ఏలు పెట్టుకుని ఆయనే కొట్టుకున్నాడన్నా. గీత ఎనకాల అంతా నలుపే వచ్చింది. నేను చూశా. నాలుగు రోజుల్నుంచీ చూస్తానే ఉన్నా."

"ఏమే, నోరుముయ్యి!" అని కసిరాడు కానీ ఆ కసురులో పస లేదు. తర్వాత మెల్లగా అన్నాడు. "రాతిలో నల్లచార పైన ఎంట్రుకంత కనబడితే లోపల బారెడు ఉంటదన్నా. నాకు తెలవదా?"

డాక్టరుగారు వాడి చెయ్యి పైకెత్తించి చంకలో తడిమారు. తడుముతున్న వేళ్ళు ఒక గడ్డ దగ్గర ఆగిపోయాయి. ఇరవై ఏళ్ళుగా ఆ వేళ్ళు ఆగడం చూస్తున్నవాణ్ణి, నాకు వేరే చెప్పనక్కర్లేదు. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. ఇక గొడ్డలితోనైనా పోతుందో లేదో. ఆయన గుంటూరుకు చీటీ రాసి సైదాబీ చేతిలో పెట్టారు.

బయటికి రాగానే మౌలాలీ వేలు నా బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడు నిజంగానే దెబ్బ కదన్నా. ఇంకో గీత పెట్టు. రెండు నెలలు చూసి పోతా."

"పెట్టొద్దన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా" అంది సైదాబీ.

ఆకురాయి జేబులోనే ఉంది. విరిగిపోయిందని అబద్ధమాడాను. ఏడాది కిందట ఒక్కమాటతో వాణ్ణి ఇంటికి పంపినవాణ్ణి, ఇప్పుడు వంద మాటలతో బస్సెక్కించలేకపోయాను. బతిమాలాను, తిట్టాను, నేనూ గుంటూరు వస్తానన్నాను. వాడు తల అడ్డంగా ఊపి, భుజాన ఉన్న సంచీలోంచి సన్న ఉలి తీశాడు. చిట్లిన గోరు మీద, చర్మానికి ఆనించి, తనే గీసుకున్నాడు. నేను పెట్టినదానికంటే ఎంతో సన్నగా, తిన్నగా వచ్చింది గీత.

"రెండు నెలల తర్వాత వస్తానన్నా" అని మెట్లు దిగాడు.

సైదాబీ చీటీని కొంగున ముడేసుకుని వాడి వెనకే నడిచింది.