యానాంలో పొంగిన గ్లాసు

నేను ఒక గాజు గ్లాసును. మజ్జిగ గ్లాసు అనుకునేరు, కాదు. సన్నటి కాడ, గుండ్రటి పాదం, వెడల్పాటి నోరు. షాంపేను తప్ప మరొకటి ముట్టని వంశం మాది. ఫ్రాన్సు దేశంలో ఒక మీసాలాయన కొలిమి ముందు నిలబడి ఊదితే పుట్టాను. ఆ పూట అతగాడు ఉల్లిపాయలు తిన్నాడు. ఆ వాసన వదిలించుకోడానికి నేను సముద్రాలే దాటాల్సొచ్చింది. దారిలో తుఫాను పట్టుకుంటే, నా మెరుపు వెలుగులోనే కెప్టెను ఓడ నడిపాడు. నమ్మకపోతే మీ ఇష్టం. సాక్షులంతా చేపలే.

అలా యానాంలో ఫ్రెంచి దొర బంగళాకి చేరాను. అక్కడ వంటవాడు తాతబ్బాయి. పండగ పూట షాంపేను కలపడం అతని పని. ముందు నా అడుగున పంచదార బిళ్ల, దాని మీద నారింజ తొక్క పిండిన చుక్క, చెంచాడు బ్రాందీ. ఆపైన నన్ను వంచి, అంచు వెంబడి చల్లటి షాంపేను. నురగ బొట్టు బల్ల మీద పడిందా, దొర కనుబొమ్మ లేచేది. మనుషులు సంతోషాన్ని కూడా చేతులు కట్టుకుని నిలబడమంటారని అప్పుడే తెలిసింది నాకు.

జెండా మారింది. దొర వెళ్లిపోతూ నన్ను తాతబ్బాయికి ఇచ్చాడు. అప్పటికి నా అక్కచెల్లెళ్లంతా పగిలిపోయారు. కనుక ఆ ఇంట్లో ఆలుమగలిద్దరికీ నేనొక్కదాన్నే.

అక్కణ్ణుంచి ఏటా జనవరి ఒకటో తారీకున, పుదుచ్చేరి నుంచి ఏ చుట్టమో తెచ్చిన సీసా ఒకటి తడి ఇసకలో చల్లబడేది. సాయంత్రం తాతబ్బాయి భార్య బుల్లెమ్మ నన్ను పట్టుకుని నిలబడేది. దొర దగ్గర అంత పద్ధతిగా కలిపిన మనిషి, ఇంట్లో ముందు షాంపేను నిండా పోసి, ఆ తర్వాత పటికబెల్లం ముక్క పడేసేవాడు! ఇక చూడాలి. నురగ బుసబుసా లేచి, నా అంచు దాటి, ఆమె వేళ్ల మీదుగా చీర కుచ్చిళ్ల మీదకి.

"అయ్యో అయ్యో, చీరంతా తడిపేశారు! దొర దగ్గర కూడా ఇలాగే కలిపారా?"

"దొరింట్లో పొంగితే తప్పు. మనింట్లో పొంగకపోతే తప్పు. గృహప్రవేశానికి పాలెందుకు పొంగించావే? ఇది కొత్త ఏడాదిలోకి గృహప్రవేశం. తూర్పుకి తిరుగు."

"మరి బ్రాందీ ఎందుకో?"

"అది తాపీమేస్త్రికి," అని చెంచాడూ తన నోట్లోనే వేసుకునేవాడు.

ఆమె తిట్టేది, అతను నవ్వేవాడు. ఆమె ఒక గుక్క, అతనొక గుక్క, మధ్యలో నేను.

తాతబ్బాయి పోయాడు. నన్ను అద్దాల బీరువాలో పెట్టి, నా నిండా చొక్కా గుండీలు పోశారు. షాంపేను వంశానికి పట్టిన గతి చూడండి! జనవరి వచ్చినప్పుడల్లా బుల్లెమ్మ వచ్చి, బీరువా అద్దం మీద వేలు రాసి వెళ్లిపోయేది. ఆమెకి కావలసిందీ నాకు కావలసిందీ ఒకటే. ఒక్కసారి పొంగాలి. గుండీలు ఎంత కలిపితే మాత్రం పొంగుతాయి?

మొన్న జనవరికి మనుమరాలు ధరణి సీసా తెచ్చింది. "అమ్మమ్మా, తాతయ్యలా నేను కలిపిస్తా" అంటూ గుండీలు తీసి నన్ను తళతళా తోమింది. ఫోనులో చూసి నేర్చుకుందట. ముందు పటికబెల్లం, నారింజ చుక్క, బ్రాందీ. తర్వాత నన్ను వంచి, ఊపిరి బిగబట్టి, సన్నటి ధారగా షాంపేను. దొర చూసుంటే జీతం పెంచేవాడు.

బుల్లెమ్మ నన్ను అందుకుని, తూర్పుకి తిరిగి, కుచ్చిళ్లకి ఎదురుగా పట్టుకుని చూస్తూ నిలబడింది. బుడగలు లేచాయి. అణిగిపోయాయి.

"పొంగలేదేమే?"

"పొంగకూడదమ్మమ్మా. పొంగకపోతేనే బాగా కలిపినట్టు."

ఆమె ముఖం చూడలేక పక్కకి తిరుగుదామనుకున్నాను. గుండ్రంగా పుట్టినదానికి పక్కెక్కడిది?

అప్పుడు బుల్లెమ్మ పటికబెల్లం డబ్బాలో చెయ్యి పెట్టి, ఉన్నవాటిలో పెద్ద ముక్క ఏరి, నాలో పడేసింది. అంతే! ఇన్నాళ్లూ దాచుకున్నదంతా లేచినట్టు లేచాను. అంచు దాటాను. ముడతలు పడ్డ ఆ వేళ్లు దాటాను. కుచ్చిళ్లు చేరాను.

"అయ్యో, చీర!" అంటూ ధరణి గుడ్డ కోసం పరిగెత్తింది.

బుల్లెమ్మ ఖాళీ కుర్చీ వైపు తిరిగింది. "చాల్లెండి సంబడం. మళ్లీ తడిపేశారు" అంది. ఒక గుక్క తాగింది. ఒక గుక్క మిగిల్చింది.

ఇప్పుడు మళ్లీ బీరువాలోనే ఉన్నాను, గుండీలు లేకుండా. ఈసారి నన్ను బుల్లెమ్మే కడిగింది. పాదం కింద తీపి జిగురు కాస్త అలాగే వదిలేసింది. అమ్మమ్మకి చూపు సరిగా ఆనక వదిలేసిందంటుంది ధరణి. అనుకోనివ్వండి. ఆ తీపికి చీమలు వరస కట్టి బీరువాలోకి వస్తున్నాయి. నేను పొమ్మనను. వాటికిది గృహప్రవేశం.