పరుపు మీద అనుమానం

"గట్టిగా నొక్కి వదులు."

"వదిలాను."

"తెల్లబడిందా?"

భర్త మళ్లీ ఒకసారి నొక్కి చూశాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వెనక ఏం జరుగుతోందో ఆమెకు కనిపించదు. నడుము కిందిభాగంలో గిల్లినా, గుచ్చినా, చివరికి నిప్పు తగిలినా ఆమెకు తెలియదు. తన ఒంటి కబురు తనకు ఇంకొకరి నోటి నుంచి రావలసిందే.

"బావా, నిన్నే అడిగేది."

"లేదు. ఎర్రగానే ఉంది."

"నా ఫోన్‌తో ఫొటో తీసి చూపించు. నడుము పక్కనే ఉంటుంది, పడుకునే ముందు అక్కడే పెట్టాను."

ఫోన్ పెట్టినచోట పెట్టినట్టే ఉంది. అతను ఫొటో తీసి ఆమె మొహం ముందు పెట్టాడు. వెన్ను చివరి ఎముక మీద, బొటనవేలంత ఎర్రమచ్చ. చర్మం ఇంకా చిట్లలేదు. కానీ నొక్కినప్పుడు తెల్లబడని మచ్చ అంటే ఏమిటో వెన్నుపాము దెబ్బతిన్న ఏ ఇంట్లోనైనా తెలుసు. బరువు ఒకేచోట పడి, లోపల రక్తం ఆగింది. ఈ మచ్చ పుండైతే నెలల తరబడి బోర్లా పడుకోవాలి.

రేపు పొద్దున ఆమె మళ్లీ ఉద్యోగంలో చేరాలి.

ఆమె పని మంటల దర్యాప్తు. బీమా కంపెనీ తరఫున కాలిపోయిన గోడౌన్లు, దుకాణాలు, ఇళ్లు చూసి, నిప్పు ఎక్కడ పుట్టిందో తేల్చి చెప్పడం. అలాంటి ఒక ఇంట్లోనే కాలిన మెట్లు కూలి ఆమె నడుము విరిగింది. ఇన్నాళ్లకు, చక్రాల కుర్చీలోనే వెళ్లి చూడటానికి ఒక కేసు ఇచ్చారు. ఆమె రాకపోతే అది షార్ట్‌సర్క్యూట్ చేతికి పోతుంది. అది మనిషి పేరు కాదు. ఏ మంట చూసినా, గుమ్మం దగ్గర నిలబడే 'షార్ట్ సర్క్యూట్' అని తేల్చేసే తోటి ఉద్యోగికి ఆఫీసు పెట్టిన ముద్దుపేరు.

చికిత్స కేంద్రంలోని నర్సుకు ఫొటో పంపారు. వెంటనే ఫోన్ వచ్చింది.

"ఆ చోట బరువు పడకూడదు. ఇవాళ కుర్చీ లేదు. దిండ్లు పెట్టి పక్కకే పడుకోబెట్టండి, వైపు మారుస్తూ ఉండండి. సాయంత్రానికి తెల్లబడటం మొదలైతే మళ్లీ ఫొటో పంపండి, రేపటి సంగతి అప్పుడు చెప్తాను. ఇంకొక్క మాట. దేనివల్ల వచ్చిందో తేలకుండా ఈ రాత్రి మళ్లీ అలాగే పడుకోబెట్టకండి."

అత్తగారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు.

"దేనివల్లేంటమ్మా, కళ్లముందే ఉందిగా! ఆ స్పాంజి పరుపు. నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను, దూదిపరుపు కుట్టిద్దామని. నా మాట ఎవరు విన్నారు కనక!"

"అమ్మా, ఆ దూదిపరుపు మీద పడుకుని నీకే నడుం పట్టేసింది కదే."

"నా నడుం పట్టేస్తే నాకు తెలుస్తుందిరా. దానికి తెలియదుగా!"

అనేశాక అత్తగారు నాలుక కరుచుకున్నారు. ముందు కోడలే నవ్వింది.

"అత్తయ్యా, మీరు మా ఆఫీసుకి రండి. షార్ట్‌సర్క్యూట్ పక్కన కుర్చీ వేయిస్తాను."

ఈలోపు భర్త హాల్లోకి వెళ్లి పరుపుల షాపుకి ఫోన్ చేసి వచ్చాడు. "వాపసు తీసుకుంటాడట. సాయంత్రం వ్యాన్ వేసుకుని తనే వస్తానన్నాడు."

"నన్ను అడక్కుండానే?"

"అడిగేదేముంది? కొత్తగా వచ్చింది అదొక్కటే!"

"అదొక్కటేనా? అది తేలాలి. అప్పటిదాకా పరుపు మీద చెయ్యి వెయ్యొద్దు. ఘటనాస్థలం."

ఆ పరుపును వాళ్లు ఊరికే కొనలేదు. షాపులో అందరిలా అంచున కూర్చుని రెండుసార్లు ఎగిరి చూడటం ఆమెకు కుదరదు. మధ్యాహ్నమంతా దాని మీదే పడుకుంది. మరీ మెత్తనిది ఊబిలా లాగేస్తుంది, పక్కకు తిరగనివ్వదు. మరీ గట్టిది ఎముకల కింద బల్లలా నిలుస్తుంది. ఇది నెమ్మదిగా కుంగింది. ఆమె నడుము కిందికి భర్త అరచేయి దూర్చి చూశాడు, అడుగు తగల్లేదు. కుర్చీలోంచి జరిగేటప్పుడు అంచు జారిపోలేదు. పక్కన పెట్టిన ఫోన్ మాత్రం గుంటలోకి జారి ఆమె తుంటి కిందికి పోయింది. ఆమెకు తెలియలేదు. అతని చేతికి తగిలి, "దొంగ దొరికాడు!" అని పైకి తీశాడు. ఇంటికెళ్లి చూసుకుంటే ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. వారమంతా హాయిగా పడుకుంది. నిన్న రాత్రి తప్ప.

"కూర్చోండి ఇద్దరూ," అంది ఆమె. "నిన్న కొత్తగా ఏం చేశారో చెప్పండి. అక్షింతలేం వెయ్యను."

అత్తగారు కొంగు సర్దుకున్నారు. "నీ కొత్త ప్యాంటుకి వెనక జేబు తెరుచుకుంటోందని గుండీ కుట్టాను."

"వెనక జేబుకా!" కొడుకు గుండెలు బాదుకున్నాడు. "ఎంత గుండీ?"

"గుండీ అంత గుండీ! ఎంతుంటుంది?"

నిన్న సాయంత్రం ఆమె ఆ ప్యాంటు వేసుకుని, రేపటికి అలవాటు కావాలని చాలాసేపు కుర్చీలో కూర్చుంది. అత్తగారి మొహం పాలిపోయింది. "అయ్యో, నేనేనా?"

"ఉండండత్తయ్యా. బావా, నువ్వు?"

అతను చూపు దించుకున్నాడు. "రాత్రి అలారం మోగితే ఆపి, మళ్లీ కునుకు తీశాను. నిన్ను తిప్పడం ఆలస్యమైంది."

"అంతకుముందు ఎప్పుడూ కాలేదా?"

"అయింది. నీకు చెప్పలేదు."

"అప్పుడు మచ్చ రాలేదు కదా. సరే. నా మడమలు చూడు."

"మడమలెందుకు?"

"చూడమన్నాను కదా."

అతను ఆమె కప్పుకున్న దుప్పటి తొలగించి వంగాడు. "ఇవీ ఎర్రగానే ఉన్నాయి. అంత కాదు, లేత ఎరుపు."

"కుర్చీలో కూర్చున్నప్పుడు మడమలు ఎక్కడుంటాయి? కాళ్లు ఆనించే పలక మీద. వెనక ఏదీ తగలదు. మడమలూ నడుం చివరా ఒకేసారి ఎర్రబడ్డాయంటే, మంట కుర్చీలో పుట్టలేదు, పక్క మీదే పుట్టింది. అత్తయ్యా, మీ గుండీ నిర్దోషి. కానీ ఊడదీసెయ్యండి, లేకపోతే అది కూడా ఏదో ఒక రోజు కేసులోకి వస్తుంది."

పనులు కాగానే ఊడదీస్తానంటూ అత్తగారు లేచారు.

"పక్క మీద అంటే పరుపేగా!" అన్నాడు అతను. "నేను చెప్పిందీ అదేగా!"

"మరి షాపులో మచ్చ ఎందుకు రాలేదు? వారమంతా ఎందుకు రాలేదు? నిన్న ఏం మారింది?"

"ఏమీ మారలేదు."

అతను అబద్ధమాడటం లేదు. అది ఆమెకు తెలుసు. అందుకే ఆమెకు కుతూహలం ఇంకా పెరిగింది. ఇన్నేళ్ల దర్యాప్తులో ఆమె నేర్చుకున్నది ఒకటుంది. జనం తప్పు చేశామనుకున్నది దాస్తారు, కాస్త కదిపితే చెప్పేస్తారు. మంచి చేశామనుకున్నది మాత్రం చెప్పాలని వాళ్లకు తట్టదు.

మధ్యాహ్నం రెండుసార్లు మచ్చ నొక్కి చూశారు. రంగు కాస్త తగ్గింది కానీ తెల్లబడలేదు.

ఎండ కిటికీ దిగుతుండగా వ్యాన్ హారన్ మోగింది. పరుపుల షాపాయన నవ్వు మొహంతో లోపలికి వచ్చాడు. ఆమె ఇప్పుడు గదివైపు తిరిగి, దిండ్ల మధ్య పక్కకు వాలి ఉంది. ఫోన్ ఎదురుగా, పక్క మీదే.

"ఎలా ఉన్నావమ్మా? మా పరుపు మీద నింద పడిందట!" అంటూ అతను అరచేతిని పక్కకు ఆనించి నొక్కి తీశాడు. నవ్వు మాయమైంది. మళ్లీ నొక్కాడు.

"ఇది మా పరుపు కాదు."

"ఏంటీ?" అన్నాడు భర్త.

"మా పరుపు మీద చెయ్యి వేస్తే అచ్చు పడుతుంది సార్. మెల్లగా పైకి లేస్తుంది. ఇది బల్లలా ఉంది. మార్చేసి నాకు అంటగడదామనా?"

"మార్చెయ్యడానికి ఇదేమన్నా టీ కప్పా? వారం కిందట నువ్వు దింపిందే!"

"అయితే లేబుల్ చూపించండి."

"చూపిస్తాను, చూసి నోరు మూసుకో!"

లేబుల్ పరుపు పక్క అంచుకు కుట్టి ఉంది, దాని మీద పక్క దుప్పటి కప్పి ఉంది. భర్త వంగి ఆ వైపు దుప్పటిని పట్టి ఉంచిన కొక్కేలు తప్పించాడు. దుప్పటి అంచు చటుక్కున ఎగిరింది.

ఆమె ఒళ్లు కాస్త కిందికి దిగింది. ఎదురుగా ఉన్న ఫోన్ కదిలింది. మెల్లగా జారి వచ్చి ఆమె పొట్టకు తగిలి ఆగింది.

"ఆగండి!" అంది ఆమె. "ఎవరూ కదలొద్దు."

షాపాయన ఎత్తిన చేయి అలాగే ఉండిపోయింది.

"బావా, ఆ కొక్కేలు మళ్లీ పెట్టు. ఎలా ఉన్నాయో అలాగే."

అతను తికమకపడుతూనే దుప్పటి లాగి పెట్టాడు. ఆమె ఫోన్ తీసి మొదట ఉన్నచోట ఉంచింది. కదల్లేదు.

"ఇప్పుడు తియ్యి."

తీశాడు. ఫోన్ జారి వచ్చింది.

"షాపులో కూడా ఇలాగే వచ్చింది, గుర్తుందా? తుంటి కిందికి. వారమంతా రాత్రిపూట జారి నా దగ్గరికే వచ్చేది. ఇవాళ పొద్దున పెట్టినచోటే ఉంది. నేనే నీకు చెప్పాను, 'నడుం పక్కనే ఉంటుంది' అని. చెప్పి కూడా నేనే పట్టించుకోలేదు." ఆమె గొంతులో కోపం లేదు. చిక్కుముడి విడుతున్నప్పటి ఉత్సాహం ఉంది. "ఈ కొక్కేలు ఎక్కడివి?"

"మా కార్ఖానావి," అన్నాడు భర్త.

అతను బట్టల మీద బొమ్మలు అచ్చువేసే కార్ఖానాలో చట్రాలకు గుడ్డ బిగిస్తాడు. గుడ్డ ఏమాత్రం వదులైనా అచ్చు అలుక్కుపోతుంది. వేలితో మీటితే టంగుమనాలి. అతను బిగించిన చట్రం మోగినట్టు ఇంకెవరిదీ మోగదు. అందుకే అక్కడ అతన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. యజమాని దగ్గర్నుంచి అందరికీ అతను 'బిగువు'. ఆ పేరంటే తల్లికి మహా గర్వం.

"ముడత పడకూడదని నర్సు చెప్పింది కదా," అన్నాడు మళ్లీ. "ముడత ఒరుసుకుంటే పుండు పడుతుందని. రేపు నువ్వు పనిలోకి వెళ్తున్నావు, పక్క బాగుండాలని, నిన్న కార్ఖానా నుంచి రబ్బరు పట్టీలు, కొక్కేలు తెచ్చాను. నాలుగు వైపులా లాగి కట్టాను. ఒక్క ముడత లేదు. మీటి కూడా చూశాను."

"మోగిందా?"

"మోగింది."

షాపాయన దుప్పటి తొలగిన చోట అరచేయి నొక్కి తీశాడు. అయిదు వేళ్లూ అచ్చుపడి, నెమ్మదిగా పైకి లేచాయి. "మాదే," అన్నాడు మెల్లగా. పక్కనే దుప్పటి బిగిసి ఉన్న చోట నొక్కాడు. ఏమీ పడలేదు.

"పరుపు కుంగితేనే బరువు ఒళ్లంతా పంచుకుంటుంది," అంది ఆమె. "పైన గుడ్డ అంత బిగిసి ఉంటే నేను పరుపుని చేరనే లేదు. రాత్రంతా దుప్పటి మీద వేలాడాను. బరువంతా ఎముకల మీదే."

ఆమె అంతవరకే చెప్పింది. కారణమే చెప్పింది, మనిషిని చెప్పలేదు. అతను కొక్కేన్ని చేతిలో అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"వ్యాన్ తిప్పి పంపెయ్యనా?" అన్నాడు షాపాయన.

"పంపించు. బావా, కొక్కేలన్నీ తియ్యి. ముడతలు చేత్తో దులిపితే చాలు. తర్వాత మచ్చ నొక్కి చూడు."

అతను ఒక్కొక్కటే తీశాడు. షాపాయన హాల్లోకి తప్పుకున్నాడు. భర్త వంగి వేలితో నొక్కి వదిలాడు.

"తెల్లబడిందా?"

"తెల్లబడింది." అతను మళ్లీ నొక్కాడు. "తెల్లబడి మళ్లీ ఎర్రబడింది. ఫొటో తీస్తాను, నువ్వే చూడు."

నర్సుకు ఫొటో వెళ్లింది. రాత్రి వదులు దుప్పటి మీద పడుకోబెట్టమని, పొద్దునకి మచ్చ పూర్తిగా పోతే కుర్చీ ఎక్కవచ్చని, కానీ కాసేపు కూర్చోగానే ఒళ్లు లేపి బరువు మార్చుకుంటూ ఉండాలని జవాబు వచ్చింది.

అప్పుడు అత్తగారు కత్తెర, ఊడదీసిన గుండీ పట్టుకుని గదిలోకి వచ్చారు. హాల్లో నవ్వుకుంటున్న షాపాయన్నీ, కుప్పగా పడిన రబ్బరు పట్టీల్నీ మార్చి మార్చి చూశారు.

"పరుపు కాదట, నా గుండీ కాదట. మరి ఎవర్రా దానికి ఇంత పని చేసింది? పేరు చెప్పు, వాడి సంగతి నేను చూస్తాను."

కొడుకు భార్య వైపు చూశాడు. ఆమె పెదవులు బిగపట్టి నవ్వు ఆపుకుంటోంది. నువ్వే చెప్పాలన్నట్టు కళ్లతోనే సైగ చేసింది.

అతను చేతిలోని కొక్కేన్ని తల్లి అరచేతిలో పెట్టాడు.

"బిగువు," అన్నాడు.