తొమ్మిదో బొడిపె

అక్క ఫోను చేసేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఆ రోజు ఆదివారం. నేను నా కంప్యూటర్ రిపేరు షాపు షట్టరు దించి తాళం వేస్తున్నాను.

"ఒరేయ్, ఒకసారి ఇంటికి రారా. అమ్మాయి కొత్త కంప్యూటరు ఆన్ అవడం లేదు. ఐదింటికి దానికి పరీక్ష. ఉద్యోగం పరీక్షరా, ఇంట్లోనే కూర్చుని రాయాలట. పాత లాప్‌టాప్‌లో ఆ ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేరు ఎక్కదంటోంది."

"ఎవరు బిగించారక్కా?"

అక్క గొంతు తగ్గించి, "మీ బావే," అంది.

స్కూటరు తీశాను. బాగుచేద్దామని కాదు నేను బయల్దేరింది, చూద్దామని.

మా బావ లెక్కల మాస్టరు. ఇప్పుడు హెడ్‌మాస్టరు. బడిపిల్లలు ఆయనకు పెట్టిన పేరు ఎర్రపెన్ను. అక్కను చేసుకున్న ఏడాది నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను, ఆయన క్లాసులోనే. ఏడాది చివరి పరీక్షలో లెక్కల్లో పాసవడానికి నాకు మూడు మార్కులు తక్కువొచ్చాయి. పేపరు దిద్దింది ఆయనే. ఆ మూడూ కలపమని నేనడగలేదు, అక్కా అడగలేదు. ఆయనే మా ఇంటికొచ్చి, నాన్న ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, "మామయ్యగారూ, వీడికి బుర్ర లేదు. చేతులున్నాయి. ఏదైనా చేతిపనిలో పెట్టేయండి," అన్నాడు. కొత్త అల్లుడి మాటకు మా ఇంట్లో తిరుగులేదు. వారం తిరక్కుండా నేను రేడియోలు బాగుచేసే షాపులో నేల ఊడుస్తున్నాను.

అక్కడితో ఊరుకుని ఉంటే నేనూ మరిచిపోయేవాణ్ణేమో. ఊరుకోలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా, నలుగురు చేరిన ప్రతిచోటా అదే కథ. "చుట్టరికం చూసి మార్కులేసే రకం కాదండీ నేను. కావాలంటే మా బావమరిదిని అడగండి. సొంత బావమరిదికే మూడు మార్కులు కలపలేదు." అందరూ నవ్వి నావైపు చూసేవాళ్ళు. నేనూ నవ్వాలి కదా. నవ్వీ నవ్వీ దవడలు అరిగిపోయాయి.

ఆయన నోట ఒక్క మాట వినాలని ఉండేది నాకు. 'తప్పయింది' అనే మాట కాదు, అంత ఆశ లేదు. 'నాకు తెలీదు', అంతే. ఆయన ఆ మాట అనగా విన్నవాళ్ళు ఎవరూ లేరు. దారి తెలియని ఊరికెళ్ళినా ఎవర్నీ అడగడు. "ఇటే" అని చెయ్యి చూపిస్తాడు, రెండు గంటలు తిప్పుతాడు, చివరికి ఆ ఊరి రోడ్లే సరిగ్గా వెయ్యలేదని తేలుస్తాడు.

నేను వెళ్ళేసరికి ముందుగదిలో బల్ల మీద పెద్ద నల్ల క్యాబినెట్ ఉంది, పక్కన అద్దం తలుపు తీసి గోడకి ఆనించారు. బల్ల నిండా తీగల కట్లు, ఖాళీ అట్టపెట్టెలు. మేనకోడలు నన్ను చూసి లేచి నిలబడింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, ముఖం చిన్నబోయి ఉంది.

"మామయ్యా, నిన్నే పిలుద్దామన్నాను. నాన్నే వద్దన్నాడు."

"నాలుగు స్క్రూలు బిగించడానికి మనిషెందుకమ్మా," అన్నాడు బావ. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, చెవి మీద పెన్సిల్ పెట్టుకుని ఉన్నాడు. "ఏమోయ్, వచ్చావా? నీ పనేం లేదులే. కొన్న షాపువాళ్ళు దొంగ సరుకు అంటగట్టారు. మదర్‌బోర్డే చచ్చిన బోర్డు."

బటన్ నొక్కి చూపించాడు. లోపలి ఫ్యాన్లు సగం చుట్టు తిరిగి ఆగిపోయాయి. వెనక స్విచ్చి ఆపి మళ్ళీ వేసి నొక్కాడు. అదే సగం చుట్టు.

"పుస్తకం చదివి, లిస్టు రాసుకుని, ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ బిగించాను. ఇదిగో." కాగితం చూపించాడు. ఎర్ర టిక్కులు. "నా బిగింపులో తప్పుండదు. బోర్డు కింద పెట్టే ఇత్తడి బొడిపెలు చూడు, ప్యాకెట్లో తొమ్మిదిచ్చారు, తొమ్మిదీ బిగించాను. ఒక్క చోటు ఖాళీ వదల్లేదు."

ఖాళీ ప్యాకెట్ గాల్లో ఆడించాడు. అంతే, నాకు జబ్బు తెలిసిపోయింది.

క్యాబినెట్లు రకరకాల బోర్డులకు సరిపడేలా చేస్తారు. అందుకే బొడిపెలు ఎక్కువ ఇస్తారు, అవి బిగించే చోట్లూ ఎక్కువే ఉంటాయి. బోర్డుకి ఎన్ని కన్నాలుంటే అన్నే బిగించి, మిగిలినవి డబ్బాలో పారేయాలి. మా పనిలో ఏమీ మిగల్లేదంటే ఎక్కడో కొంప మునిగినట్టే. ఆ బోర్డుకి కన్నాలు ఎనిమిది. తొమ్మిదో బొడిపె కన్నం లేని చోట బోర్డు వీపుకి తగులుతోంది. కరెంటు దాంట్లోంచి ఇనప రేకులోకి పోతోంది. పవర్ సప్లై ప్రమాదం కనిపెట్టి తనే ఆగిపోతోంది. పావుగంట పని.

గడియారం చూశాను. రెండు నలభై. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"అయితే ఎక్కడుందంటారు బావా లోపం?"

"చెప్పాగా, బోర్డు."

"రుజువు చేయాలి కదా మరి. షాపువాడు ఊరికే మారుస్తాడా? ముందు గ్రాఫిక్స్ కార్డు తీసి చూద్దాం. మీరే తీయండి."

"నువ్వే చూడొచ్చు కదరా," అంది అక్క వంటింటి గుమ్మంలోంచి.

"నాకు బుర్రెక్కడిదక్కా? చేతులేగా ఉన్నది. బావ బుర్రతో చేస్తున్నాం పని."

బావ నా ముఖంలోకి చూశాడు. నేను కార్డు వైపు చూపించాను.

కార్డు తీశాడు. నొక్కాడు. సగం చుట్టు. ర్యామ్ ముక్కలు రెండిట్లో ఒకటి తీయించాను. సగం చుట్టు. దాన్ని పెట్టించి రెండోది తీయించాను. సగం చుట్టు. ప్రాసెసర్ తీగ ఊడదీయించి మళ్ళీ పెట్టించాను. నాణెమంత బ్యాటరీ తీయించి, ఐదు నిమిషాలు ఆగి పెట్టమన్నాను. ఒక్కొక్కటి చేసే ముందు, "దీనివల్లేనంటారా బావా?" అని అడిగాను. ఒక్కొక్కసారీ "దీనివల్లే," అన్నాడు. గురిగా తప్పు చెప్పాడు ప్రతిసారీ. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి బల్ల కింద దూరి తీగ వెతుకుతుంటే నేను కాళ్ళు బారజాపుకుని చూశాను. సిగ్గనిపించలేదు. ఇప్పుడూ అనిపించడం లేదు.

"మామయ్యా, మూడున్నర," అంది పిల్ల.

"బోర్డు మొత్తం బయటికి తీసేయండి బావా. అట్టపెట్టె మీద పెట్టి చూద్దాం."

ఎనిమిది స్క్రూలు విప్పి బోర్డు తీశాడు. లోపల తొమ్మిది బొడిపెలూ తళతళలాడుతూ వరసగా కనబడ్డాయి. చేతిలో ఎనిమిది స్క్రూలు, ఎదురుగా తొమ్మిది బొడిపెలు. జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషి ఎనిమిదికీ తొమ్మిదికీ తేడా చూడలేదు. స్క్రూలు పళ్ళెంలో పోసి చేతులు తుడుచుకున్నాడు.

నేను స్క్రూడ్రైవర్ మొనతో బోర్డు మీద బటన్ తీగ తగిలించే రెండు సూదుల్ని ఒక్క క్షణం కలిపాను. ఫ్యాన్లు గుయ్యిమన్నాయి. తెర వెలిగింది.

పిల్ల ఎగిరి చప్పట్లు కొట్టింది. "వచ్చేసింది! నాన్నా, ఇలాగే ఉంచెయ్. అట్టపెట్టె మీదే రాసేస్తాను. ఇంకా గంటపైన ఉంది."

మంచి మాట అంది. నేనైనా అదే చెప్పేవాణ్ణి, ఆ ఇల్లు ఇంకెవరిదైనా అయితే.

"అట్టపెట్టె మీద కంప్యూటరేంటే, దిక్కులేని కొంపలాగా!" అన్నాడు బావ. తెర వెలగ్గానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "ఏదో తీగ వదులుగా ఉండి ఉంటుంది, సర్దుకుంది. పద్ధతిగా లోపల బిగిస్తాను. పది నిమిషాలు."

పిల్ల నావైపు చూసింది. చిన్నప్పుడు మా షాపులో బల్ల కింద కూర్చుని స్క్రూలు సైజుల వారీగా ఏరిపెట్టేది. నేనేది చెబితే అదే దానికి.

"బావ చెప్పిందే రైటమ్మా," అన్నాను. "పద్ధతంటే పద్ధతే."

బిగించాడు. పది నిమిషాలు కాదు, ముప్ఫై ఐదు పట్టింది. నొక్కాడు. సగం చుట్టు.

"నాన్నా!" అంది పిల్ల.

"ఉండవే..." వెనక స్విచ్చి ఆపి, వేసి, నొక్కాడు. మళ్ళీ. మళ్ళీ. నాలుగోసారికి సన్నగా కాలిన వాసన వచ్చింది. లేచి ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"ఇంకోసారి నొక్కితే బోర్డు బూడిదే."

"ఎందుకని?"

"మీరే చెప్పండి. మాస్టరు మీరు."

"అదీ... పవర్ సప్లై..."

"కాదు."

"అయితే వైరింగు..."

"కాదు."

నాలుగున్నర కావస్తోంది. పిల్ల రెండు చేతులూ తల మీద పెట్టుకుని నేల మీద కూలబడింది. "నాన్నా, తెలీదని చెప్పెయ్యి! నీకు తెలీదు నాన్నా! ఒక్కసారి చెప్పెయ్యి, మామయ్య చూసుకుంటాడు!"

బావ పెళ్ళాం వైపు చూశాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది, కదల్లేదు. కూతురి వైపు చూశాడు. ఆయన మణికట్టు ఇంకా నా చేతిలోనే ఉంది. నాడి కొట్టుకోవడం నా వేళ్ళకు తెలుస్తోంది.

"నాకు తెలీదు," అన్నాడు.

"ఏంటి బావా?"

"నాకు తెలీదయ్యా. తెలీదు."

చెయ్యి వదిలేశాను.

నా చేతులకి పది నిమిషాలు చాలు. బోర్డు తీశాను, తొమ్మిదో బొడిపె రెండు వేళ్ళతో తిప్పి ఊడదీసి బల్ల మీద పెట్టాను, బోర్డు మళ్ళీ కూర్చోబెట్టాను. బోర్డు వీపున ఒకచోట గోధుమరంగు మరక ఉంది. బటన్ నొక్కాను. ఆ మరక లోపలిదాకా దిగి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకిప్పటికీ తెలీదు. తెర వెలిగింది. నాలుగు నలభై ఆరు.

పిల్ల గబగబా కుర్చీలో కూర్చుంది. కళ్ళు తుడుచుకుని ఏదో టైపు చేసింది, ఆగింది. తల తిప్పకుండానే అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది మామయ్యా?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ బావ అక్కడే ఉన్నాడు. ఆయన వినాలి.

"ఖాళీ ప్యాకెట్ చూపించినప్పుడే."

"అంటే రెండు నలభైకి." వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. "నువ్వు నా ముఖం చూస్తూ కూర్చున్నావు."

"మీ నాన్న ముఖం చూస్తూ కూర్చున్నానమ్మా."

"అందరూ బయటికెళ్ళండి," అంది. "తలుపేసుకోవాలి."

బావా నేనూ మెట్ల మీద కూర్చున్నాం, ఆయన పైమెట్టు, నేను కిందిమెట్టు. అక్క రెండు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చింది. నా గ్లాసు చేతికివ్వలేదు, పక్కన పెట్టి వెళ్ళింది. తలుపు వెనక మీటల చప్పుడు వినిపిస్తోంది. చాలాసేపటికి బావ, "పిల్ల ఏం చేసిందిరా నిన్ను?" అన్నాడు. నేను లేచి స్కూటరెక్కి వచ్చేశాను.

పిల్లకి ఉద్యోగం వచ్చింది. ఆ మాట మూడు వారాల తర్వాత వేరేవాళ్ళు చెబితే తెలిసింది.

మొన్న మా పెద్దనాన్నగారింట్లో అందరం కలిశాం. భోజనాల బల్లల దగ్గర ముప్ఫైమంది దాకా ఉంటారు. బావ కూడా ఉన్నాడు. మూడు మార్కుల కథ ఎత్తలేదు, పప్పు వడ్డించమని అడిగి తలొంచుకుని తింటున్నాడు. నేను మంచినీళ్ళు తాగి గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "మా బావ ఆ మధ్య కంప్యూటరు బిగించాడండీ. తొమ్మిది బొడిపెలిస్తే తొమ్మిదీ పెట్టాడు..." ఒకరిద్దరు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. బావ కూడా పెదాలు సాగదీసి నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు, ముప్ఫై ఒక్క ఏళ్ళు నా ముఖం మీద ఉంది.

నా ఎదురుగా కూర్చున్న మేనకోడలు కంచం ఎత్తుకుని లేచింది. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి వాళ్ళ నాన్న పక్కన ఖాళీ చేయించుకుని కూర్చుంది. ఆయన కంచంలోకి కాస్త పెరుగు వేసింది. నావైపు చూడలేదు.

"ఊఁ, తర్వాతేమైంది?" అన్నారెవరో.

నేను ఆపలేదు. కథలో 'నాకు తెలీదు' ఇంకా రాలేదు కదా.